కాలం మారలేదు, మార్చాం

ఉగాది రోజు మా గుడిలో పంచాంగ శ్రవణం అయిపోయింది. నేను వంటగదిలో పులిహోర కోసం అన్నం ఆరబెడుతున్నాను. ఈ ఏడాది వానలెలా ఉంటాయో, ఎండలెలా ఉంటాయో పంతులుగారు అప్పుడే చదివారు. గిన్నెలు కడుగుతున్న ఒక పెద్దాయన, "ఏం వానలు, ఏం ఎండలు! కాలం మారిపోయిందమ్మా" అన్నారు. అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను.

ఇంటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆ వాక్యం మీద. తల ఊపినందుకు నా మీద కూడా.

ఈ పేజీ చదివేవాళ్ళకి నా సంగతి తెలుసు. కొత్తగూడెంలో పెరిగాను. ఇంగ్లీష్ మీడియం స్కూలు. సెకండ్ లాంగ్వేజ్ హిందీ. బడిలో తెలుగు మాట్లాడితే పది పైసలు ఫైను. కాబట్టి తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాషే కానీ, రాసే భాష కాదు. అరవై దాటాక, జర్మనీలో కూర్చుని, నా అంతట నేను రాయడం నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి ఒక లాభం ఉంది. చిన్నప్పటినుంచి వాడేవాళ్ళు గమనించని చిన్న విషయాలు మనకి కనిపిస్తాయి. ఈసారి కనిపించింది ఒక క్రియ.

మాడింది, మాడ్చాను

తెలుగులో చాలా క్రియలు జంటలుగా ఉంటాయి. మారు, మార్చు. కాలు, కాల్చు. పెరుగు, పెంచు. కరుగు, కరిగించు. మునుగు, ముంచు. మొదటిది దానంతట అది జరిగేది. రెండోది ఎవరో ఒకరు చేసేది. వ్యాకరణంలో మొదటిదాన్ని అకర్మక క్రియ అంటారు, రెండోదాన్ని సకర్మక క్రియ అంటారు. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. మా వంటగది గుర్తుంచుకోండి. "అన్నం మాడింది" అంటే ఎవరి తప్పూ లేదు. "అన్నం మాడ్చాను" అంటే నేను ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళలో మా గుడి వంటగదిలో "మాడ్చాను" అన్నవాళ్ళని నేను చూడలేదు. ఎప్పుడూ అదే మాడుతుంది.

"కాలం మారిపోయింది" కూడా అలాంటిదే. "వాతావరణ మార్పు" అన్న పేరులో కూడా చేసినవాడు లేడు. జర్మన్‌లో దీన్ని క్లీమావాండెల్ అంటారు. అదీ అంతే. మార్పు ఉంది, మార్చినవాడు లేడు. నా గొడవ ఇదే. ఇది మారింది కాదు. మార్చింది. ఎలా మార్చారో తెలుసు, దేనితో మార్చారో తెలుసు, ఎంత మార్చారో కొలతలు ఉన్నాయి. అన్నీ తెలిసి కూడా "మారింది" అనడం మాడిన గిన్నెని సింకులో దాచిపెట్టడం లాంటిది.

ముందు ఒక పదం సంగతి

తెలుగులో "వాతావరణం" అనే మాట నాలుగు పనులు చేస్తుంది. "రేపు వాతావరణం ఎలా ఉంటుంది?" అంటే రేపటి ఎండ, వాన. "పెళ్ళింట్లో సందడి వాతావరణం" అంటే అక్కడి మూడ్. "వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్" అంటే భూమి చుట్టూ ఉన్న గాలి. "వాతావరణ మార్పు" అంటే మళ్ళీ వేరే. జర్మన్‌లో రోజువారీ ఎండావానలకి వెట్టర్, ఏళ్ళ తరబడి ఉండే తీరుకి క్లీమా అని రెండు మాటలు ఉన్నాయి. తెలుగులో కూడా రెండోదానికి పాఠ్యపుస్తకాల్లో ఒక మాట ఉంది: శీతోష్ణస్థితి. నోరు తిరగదు కాబట్టి ఎవరూ వాడరు.

వాడకపోవడం వల్ల నష్టం ఉంది. మార్చి నెలలో మంచు పడితే గుడిలో ఎవరో ఒకరు నవ్వుతూ, "ఏదండీ మీ వేడెక్కడం?" అంటారు. ఒక మనిషికి ఒక రోజు వచ్చిన కోపం వేరు, ఆ మనిషి స్వభావం వేరు. కోపం ఒక పూటలో తెలుస్తుంది. స్వభావం తెలియాలంటే ఏళ్ళు కావాలి. శాస్త్రవేత్తలు మామూలుగా 30 ఏళ్ళ సగటు తీసుకుని శీతోష్ణస్థితి అంటారు. మార్చి మంచు ఒక పూట కోపం. నేను మాట్లాడుతున్నది స్వభావం గురించి.

గొంగళి

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చెప్తాను. ఎండ గాలిలోంచి దిగి నేలని వేడి చేస్తుంది. నేల ఆ వేడిని మళ్ళీ పైకి వదులుతుంది. అది మన కంటికి కనిపించదు. పైకి పోయే ఆ వేడిలో కొంత భాగాన్ని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు పట్టుకుని, కొంత కిందికి తిప్పి పంపిస్తాయి. భూమి ఒక గొంగళి కప్పుకున్నట్టు అన్నమాట. ఈ గొంగళి చెడ్డది కాదు. అది లేకపోతే భూమి సగటు వేడి సున్నాకి కింద 18 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు సున్నాకి పైన సుమారు 15 డిగ్రీలు ఉంది. మనం బతుకుతున్నది ఆ గొంగళి వల్లే.

గొడవ ఏమిటంటే, మనం దాన్ని మందంగా చేస్తున్నాం. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో ప్రతి పది లక్షల కణాల్లో 280 కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. సగానికి సగం పెరిగింది. ఈ వాయువు వేడిని పట్టుకుంటుందన్న విషయం కొత్తది కాదు. అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ 1856లో గాజు గొట్టాలు ఎండలో పెట్టి చూసింది. కొద్ది ఏళ్ళకే ఐర్లండ్‌కు చెందిన జాన్ టిండాల్ ఇంకా బాగా కొలిచాడు. 1896లో స్వీడన్‌లో అరేనియస్, బొగ్గు కాలిస్తే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్క కట్టాడు. మా తాతలు పుట్టకముందే తెలిసిన సంగతి ఇది.

ఎక్కడినుంచి వచ్చింది ఆ అదనం? ఎక్కువ భాగం బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాస్ కాల్చడం వల్ల. ఆ తర్వాత అడవులు నరకడం, సిమెంటు చేయడం. మీథేన్ పశువుల నుంచి, గ్యాస్ లీకుల నుంచి, చెత్తకుప్పల నుంచి వస్తుంది. నీళ్ళు నిలబెట్టిన వరి మడి నుంచి కూడా వస్తుంది. నా పులిహోరకి కూడా ఇందులో కొంచెం వాటా ఉంది. దాచను. కానీ అన్నిటికంటే పెద్ద వాటా కాల్చడానిదే.

మా ఇంటి బొగ్గు

ఇప్పుడు నా సంగతి. మా నాన్న సింగరేణిలో అకౌంట్స్ గుమాస్తా. నేను తిన్న అన్నం, నా కాన్వెంట్ ఫీజు, నా చెప్పులు, అన్నీ బొగ్గు డబ్బే. మా క్వార్టర్స్‌లో టైం చెప్పేది గడియారం కాదు, బొగ్గు బాయి సైరన్. షిఫ్ట్ దిగి వచ్చేవాళ్ళ కళ్ళూ పళ్ళూ మాత్రమే తెల్లగా కనిపించేవి. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడని, తర్వాత ఇంగ్లండ్‌లో పెట్టిన ఒక కంపెనీ తవ్వకం మొదలుపెట్టిందని నాన్న గర్వంగా చెప్పేవారు. ఆ గర్వాన్ని నేను ఇప్పుడు ఎగతాళి చెయ్యను. బాయిలో దిగినవాళ్ళ చెమట అబద్ధం కాదు. వాళ్ళ పిల్లలు చదువుకున్నారు. ఊళ్ళకి కరెంటు వచ్చింది.

కానీ ఆ బొగ్గు ఏమిటి? 25 కోట్ల ఏళ్ళకి ముందు పెరిగిన చెట్లు. అవి బతికుండగా గాలిలోంచి తీసుకున్న కర్బనం నేల కింద మూటగా ఉండిపోయింది. కోట్ల ఏళ్ళలో దాచిన మూటని మనం ఒకటిన్నర వందల ఏళ్ళలో విప్పి గాలిలోకి వదిలాం. ఒక కిలో కర్బనం కాలితే మూడున్నర కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక కిలో నుంచి మూడున్నర ఎలా వస్తుందని వంటగదిలో ఒక అబ్బాయి నన్ను అడిగాడు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి దానితో కలుస్తుంది నాయనా, ఆ బరువు అది.

నేను జర్మనీ వచ్చి కూడా బొగ్గు దగ్గరికే చేరాను. కొలోన్‌కి పడమటి వైపు గార్త్స్‌వైలర్ అనే గని ఉంది. ఓపెన్ కాస్ట్. దాని అంచున నిలబడితే అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తుంది. అక్కడ తవ్వేది లిగ్నైట్, అంటే గోధుమరంగు బొగ్గు. అదే కరెంటు కోసం మామూలు బొగ్గు కంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. చాలా దశాబ్దాలు లిగ్నైట్ తవ్వకంలో ప్రపంచంలో మొదటి స్థానం జర్మనీదే. ఆ గని కోసం ల్యూట్సెరాత్ అనే ఊరిని 2023 జనవరిలో పోలీసులు ఖాళీ చేయించారు. గాలిమరలు తిరుగుతున్న దేశంలో, అదే సంవత్సరంలో. ఈ ప్రాంతంలో బొగ్గు కరెంటు 2030లో ఆపుతామని ఒప్పందం అయింది. మంచిదే. కానీ "జర్మనీ అంతా పచ్చగా ఉంది, పొగంతా ఇండియాదే" అని మా గుడిలో అనేవాళ్ళని ఒకసారి ఆ అంచున నిలబెట్టాలని నా కోరిక.

"ఎప్పుడూ మారేదే కదా"

నా ఎదుటివాళ్ళ మాటలు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు.

మొదటి మాట: "భూమి ఎప్పుడూ మారుతూనే ఉంది, మంచుయుగాలు రాలేదా?" వచ్చాయి. భూమి తిరిగే దారిలో, దాని ఒరుగులో వచ్చే చిన్న తేడాల వల్ల వచ్చాయి. కానీ పోయిన మంచుయుగం నుంచి బయటపడటానికి భూమికి సుమారు పది వేల ఏళ్ళు పట్టింది. అప్పుడు పెరిగింది ఐదు డిగ్రీలు, కొంచెం అటూ ఇటూ. ఇప్పుడు ఒకటిన్నర వందల ఏళ్ళలోనే ఒక డిగ్రీ దాటాం. 2024లో అయితే ఆ ఏడాది సగటు ఒకటిన్నర డిగ్రీలు కూడా దాటింది. మనిషి మామూలుగా చనిపోవడం ఉంది కాబట్టి హత్యలు లేవు అనగలమా?

హత్య అన్నాను కాబట్టి వేలిముద్రల సంగతి. హాంబుర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో క్లౌస్ హాసెల్‌మాన్ అనే శాస్త్రవేత్త పనిచేశారు. ప్రకృతి చేసే మార్పుకి ఒక రకం గుర్తులు ఉంటాయని, మనిషి చేసే మార్పుకి వేరే గుర్తులు ఉంటాయని, వాటిని లెక్కల్లో విడదీసి పట్టుకోవచ్చని ఆయన చూపించారు. 2021లో ఆయనకి ఫిజిక్స్ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గుర్తులు కొన్ని మనకీ అర్థమవుతాయి. సూర్యుడే కారణం అయితే కింది గాలి, పైన చాలా ఎత్తులో ఉన్న గాలి రెండూ వేడెక్కాలి. కానీ కిందిది వేడెక్కుతోంది, పైది చల్లబడుతోంది. గొంగళి కప్పితే లోపల వెచ్చగా, బయట చల్లగా ఉన్నట్టే. ఇంకో గుర్తు: బతికున్న చెట్టులో కార్బన్-14 అనేది కొంచెం ఉంటుంది. కోట్ల ఏళ్ళనాటి బొగ్గులో అది మిగలదు. గాలిలో కొత్తగా చేరిన కర్బనం బొగ్గు, చమురు నుంచి వచ్చిందని అలా కూడా తెలిసింది. ఇంత సాక్ష్యం ఉన్న కేసు కోర్టులో ఎంతసేపు నిలుస్తుంది?

రెండో మాట: "కలియుగ ధర్మం అమ్మా, అంతా కర్మ." గుడిలో సేవ చేసేదాన్ని, ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మన వ్యాకరణం చూడండి. కర్త, కర్మ, క్రియ. కర్మ ఉంటే కర్త ఉండాలి. పనికి చేసినవాడు ఉంటాడు, ఫలం చేసినవాడికి చెందుతుంది అని కదా మనం పిల్లలకి చెప్పేది? మరి ఇక్కడ మాత్రం కర్మ అని చెప్పి కర్తని ఎందుకు మాయం చేస్తున్నాం? అది భక్తి కాదు. తప్పించుకోవడం.

మూడో మాట: "అంతా జనాభా వల్ల." జనాభా సంగతి కొంత నిజం. కానీ జర్మనీలో ఒక మనిషి సగటున ఏడాదికి ఏడెనిమిది టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి కారణం అవుతాడు. ఇండియాలో ఒక మనిషి సుమారు రెండు టన్నులకి. తలలు లెక్కపెట్టేముందు ఒక్కో తల వెనక ఎంత పొగ ఉందో లెక్కపెట్టాలి.

మనమా, మేమా?

తర్వాతి వారం నేను ఆ పెద్దాయనతో, "అన్నయ్యగారూ, కాలం మారలేదండీ, మనం మార్చాం" అన్నాను. ఆయన గిన్నె కింద పెట్టి, "మనమా? మా నాన్నకి సైకిల్ కూడా లేదమ్మా. మా ఊళ్ళో కరెంటు నా పదో క్లాసులో వచ్చింది. మేమేం మార్చాం?" అన్నారు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. తెలుగులో ఇంగ్లీష్‌కి, జర్మన్‌కి లేని ఒక సౌకర్యం ఉంది. "మనం" అంటే మీరూ నేనూ కలిపి. "మేము" అంటే మీరు కాకుండా మేము. జర్మన్‌లో రెండూ వియర్ అనే ఒక్క మాటే. టీవీలో మంత్రులు "వియర్ అందరం కారణం" అన్నట్టు మాట్లాడితే, ఆ మాటలో ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలియదు. తెలుగులో చెప్పాలంటే తేల్చుకోవాలి.

తేల్చుకుందాం. బొగ్గు, చమురు, గ్యాస్ నుంచి ఇప్పటివరకు గాలిలోకి వెళ్ళిన మొత్తంలో జర్మనీ వాటా సుమారు 5 శాతం. దానికంటే ఎన్నో రెట్లు జనం ఉన్న ఇండియా వాటా అంతకంటే తక్కువ. కాబట్టి ఆ పెద్దాయన నాన్నగారు ఈ "మనం"లో లేరు. 2015 మే నెల వడగాడ్పుల్లో మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ వాళ్ళే. చాలామంది కూలిపనికి వెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు. మా కొత్తగూడెంలో ఎండ ఎప్పుడూ ఉంది. దాని మీద ఇంకొంచెం వేడి కలిపితే ముందు పోయేది నీడ లేనివాడు. అతను కూడా ఈ "మనం"లో లేడు. ఆ మనిషికి "అందరం కారణం" అని చెప్పడం సిగ్గులేని పని.

కానీ పెద్దాయన? నేను? ముప్పై ఏళ్ళకి పైగా ఇక్కడ ఉన్నాం. ఈ దేశంలో సుమారు సగం ఇళ్ళు గ్యాస్‌తో వెచ్చబడతాయి, మా ఇల్లూ అంతే. ప్రతి ఏడాది హైదరాబాద్ విమానం ఎక్కుతాం. ఒకసారి రానూపోనూ ఒక్క మనిషికి ఒక టన్ను దాటుతుంది. ఇండియాలో సగటు మనిషి ఏడాది మొత్తం లెక్కలో అది సగం. మేము వీసా వచ్చిన రోజున ఈ "మనం"లో చేరాం. నేనైతే సింగరేణి జీతం మీద ఇంకా ముందే చేరాను. ఇండియా కూడా నెమ్మదిగా చేరుతోంది. ఏడాదికి వదిలే పొగలో ఇప్పుడు చైనా, అమెరికా తర్వాత మన దేశమే. హైదరాబాద్‌లో మూడు కార్లు ఉన్న మా బంధువులు సైకిల్ లేని నాన్నల వెనక దాక్కోకూడదు.

కర్తని వెతకడం నా పిచ్చి కాదు. హామ్ పట్టణంలో కామాక్షి అమ్మవారి గుడి ఉంది, తమిళులు కట్టుకున్నది. తేరు పండగకి మేమూ వెళ్తాం. అక్కడికి దగ్గర్లోనే ఆర్‌డబ్ల్యూఈ కంపెనీ వాళ్ళ పెద్ద విద్యుత్ కేంద్రం ఉంది. ఇప్పుడు అక్కడ బొగ్గు కాల్చడం లేదు. అదే ఊళ్ళో ఒక పై కోర్టు కూడా ఉంది. పెరూ దేశంలో వరాస్ అనే ఊరి రైతు సౌల్ లూసియానో లియుయా, తన ఊరి పైన మంచు కరిగి సరస్సు నిండుతోందని, అందులో తన వాటా ఖర్చు ఇవ్వాలని 2015లో అదే కంపెనీ మీద జర్మనీలో దావా వేశాడు. 2025 మే 28న హామ్ కోర్టు ఆ దావా కొట్టేసింది. అతని ఇంటికి వరద వచ్చే ప్రమాదం తక్కువ అంది. కానీ ఒక మాట చెప్పింది: ఎంత దూరంలో ఉన్నవాడికైనా, పెద్ద ఎత్తున పొగ వదిలిన కంపెనీలు సూత్రప్రకారం బాధ్యులు కావచ్చు. రైతు ఓడిపోయాడు. అయినా "కరిగింది" అన్న చోట "కరిగించారు" అనవచ్చని ఒక న్యాయస్థానం ఒప్పుకుంది.

మునిగింది, ముంచింది

2021 జులై 14 రాత్రి ఆర్ నది లోయలో వరద వచ్చింది. జర్మనీలో 180 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆ లోయలోనే. జిన్‌ట్సిగ్‌లో ఒక వికలాంగుల నివాసంలో 12 మంది మునిగిపోయారు. మా గుడి నుంచి మేము దుప్పట్లు, బియ్యం పంపించాం. హెచ్చరికలు ఆలస్యం అయ్యాయి, నది పక్కనే ఇళ్ళు కట్టారు, అదంతా నిజం. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు. ఆ ఆవిరే ఒక్కసారిగా కురుస్తుంది. అలాంటి వానలు పశ్చిమ యూరప్‌లో 3 నుంచి 19 శాతం దాకా బరువెక్కాయని శాస్త్రవేత్తలు తర్వాత లెక్క కట్టారు. వానని మనం పుట్టించలేదు. దాని చేతికి ఇంకొన్ని బిందెలు ఇచ్చాం.

మరి ఏం చెయ్యాలి? దీపం పెట్టడం మానండి అని నేను చెప్పను. నూనె దీపం పొగతో ఈ లెక్క మారదు. పెద్ద పొగ ఎక్కడ ఉందో అక్కడ పట్టుకోవాలి. మా గుడి కమిటీని నేను మూడు అడిగాను. గుడి కరెంటు గాలి, ఎండ నుంచి వచ్చే కంపెనీకి మార్చండి. పాత గ్యాస్ హీటింగ్ పాడైనప్పుడు మళ్ళీ గ్యాస్ పెట్టకండి, హీట్ పంప్ పెట్టండి. ఎన్నికల ముందు వచ్చి దండ వేయించుకునే నాయకులని బొగ్గు గురించి ఒక్క ప్రశ్న అడగండి. పౌరసత్వం తీసుకున్నాం, ఓటు ఉంది, నోరు ఎందుకు లేదు? కమిటీ ఆలోచిస్తాం అంది. నేను ప్రతి మీటింగ్‌లో మళ్ళీ అడుగుతున్నాను. ఇండియా ప్రయాణం నేను రెండేళ్ళకి ఒకసారి చేసుకున్నాను. అది చెల్లి పెళ్ళి కాదు కాబట్టి సులువైంది, గొప్ప కాదు.

పెద్దాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "మార్చారు అను, ఒప్పుకుంటా. మార్చాం అనకు" అంటున్నారు. మేము ప్రతి ఆదివారం గిన్నెలు కడుగుతూ ఆ రెండు అక్షరాల మీద వాదించుకుంటున్నాం. తల ఊపడం కంటే ఇది నయం.

మీకు ఈ వారం అభ్యాసం. కింది వాక్యాల్లో క్రియని మార్చి, కర్తని మీరే రాయండి.

మంచు కరిగింది.
ఎండలు పెరిగాయి.
బొగ్గు కాలింది.
కాలం మారింది.

కర్త దగ్గర "వాళ్ళు" రాస్తారో, "మేము" రాస్తారో, "మనం" రాస్తారో, కొంచెం ఆలోచించి రాయండి. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి. ఆ తప్పులు వాటంతట అవి జరగలేదు. నేనే చేశాను.